సాక్షి సంతకం

పొలాలు రోడ్డుకింద పోయినప్పటి నుంచి మా వైపు అందరూ ప్రభుత్వాన్ని తిడతారు. నేనూ తిడతాను, కాస్త గొంతు తగ్గించి.

బందరులో నా చొక్కాలు కుట్టే టైలరుగారికి ఊరవతల డెబ్బై సెంట్ల మాగాణి ఉండేది. మిషను తొక్కీ తొక్కీ కొన్నది. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండిగింజలు అక్కణ్ణుంచే వచ్చేవి. దాని పక్కనే నేను అరెకరం కొన్నప్పుడు, సరిహద్దు రైతు కదా అని ఆయన్నే సాక్షి సంతకానికి తీసుకెళ్లాను.

"ఎంత వేయమంటారండీ?" అని దస్తావేజులు రాసే ఆయన అడిగాడు. అడగడం మాటవరసకే. అసలు ధర కాగితం మీద వేయించేవాణ్ణి మా వైపు వెర్రివాడంటారు. స్టాంపు ఖర్చు కలిసొస్తుందని నాలుగో వంతు వేయించాను. ముప్పై ఏళ్లు బళ్లో పిల్లలకు పౌరుల బాధ్యతలు చెప్పినవాణ్ణి! టైలరుగారు చదవకుండానే సంతకం పెట్టి, "మీరున్నారుగా మాస్టారూ" అన్నారు. బయటికొచ్చి ఇద్దరం టీ తాగాం.

రెండేళ్లకు కొత్త రోడ్డు కొలతలు వేశారు. నాది కొస ముక్క పోతోంది. ఆయనకు డెబ్బై సెంట్లూ పోతున్నాయి. ఆయన గొడవ పెట్టుకోలేదు. "రోడ్డు కావాల్సిందేగా అండీ. ఇంకోచోట డెబ్బై సెంట్లు వచ్చేంత ఇస్తే చాలు" అని కనిపించినవాళ్లందరికీ చెప్పుకుంటూ తిరిగారు.

విచారణ రోజు అధికారి ఫైలు తిరగేసి, ఈమధ్య ఆ పొలాల్లో జరిగిన రిజిస్ట్రేషను ఒక్కటే ఉందని, దాన్ని బట్టే పరిహారం కట్టామని చెప్పాడు. ఆ ఒక్కటీ నాదే. దానికి రెట్టింపు ఇచ్చినా బయటి ధరలో సగమే.

"అదేం రేటండీ! బయట నాలుగింతలుంది" అంటూ టైలరుగారు లేచారు.

అధికారి కాగితం ఆయనవైపు తిప్పాడు. "ఇక్కడ సాక్షి మీరే కదా?"

ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. తర్వాత నావైపు తిరిగారు. "అసలెంతకి కొన్నారో మాస్టారే చెప్తారండీ."

నేను కుక్కిన పేనులా కూర్చున్నాను. చెబితే మిగతా సొమ్ము సంగతేమిటని నన్నే నిలదీస్తారు, నోటీసు వస్తుంది, ఈ వయసులో ఆఫీసుల చుట్టూ తిరగలేను. ఇవన్నీ సాకులు. భయపడ్డాను, అంతే. చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు. అబద్ధం. చేసింది నేను, పోయింది ఆయనకు.

ఆ పరిహారంతో గుడివాడ రోడ్డు వైపు ఆయనకు ముప్పై అయిదు సెంట్లు దొరికాయి. అప్పటికి నాలుగు నెలలుగా నేను ఆయన కొట్టు ముందు నుంచి నడవడం మానేశాను. ఆయనే మా ఇంటికొచ్చారు. "రేపు రిజిస్ట్రేషనండీ. సాక్షి సంతకానికి మీరు రావాలి."

ఏ మొహం పెట్టుకుని రానంటాను? వెళ్లాను. అదే బల్ల, దస్తావేజు రాసేదీ అప్పటి మనిషే, అడిగిందీ అదే ప్రశ్న.

"ఇచ్చిందంతా వేయండి. రూపాయి తగ్గించొద్దు" అన్నారు టైలరుగారు.

అమ్మేవాడు నసిగాడు. రాసే ఆయన వెర్రివాణ్ణి చూసినట్టు నవ్వాడు. ఆ స్టాంపు ఖర్చుతో ఇంకో రెండు సెంట్లు వచ్చేవి. ఆ మాట అనబోయి మింగేశాను.

నా వంతు వచ్చాక పెన్ను తీశాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపి, కాగితాలు నా ముందుకు జరిపారు.

"ధర చదివి పెట్టండి మాస్టారూ. రేపెవరైనా అడిగితే నోరు విప్పాల్సింది మీరే."