గేటు దగ్గర పుట్టుకొచ్చిన బావ

కూతురికి జ్వరం రావడంతో బస్సు కండక్టరు తన పేరున తీసుకున్న వినోదాల పార్కు టికెట్లను ఆన్‌లైన్‌లో అమ్మేశాడు. బంధువులకు ఇవ్వవచ్చు గాని అమ్మితే చెల్లవన్న షరతు చదవనే లేదు. కొన్నాయన పిల్లలతో గేటు దగ్గర ఇరుక్కుని ఫోన్ చేశాడు. "వెంటనే రాకపోతే మోసం కేసు పెడతా!"

కండక్టరు ఆదరాబాదరా వెళ్లాడు.

"ఈయన మీకేమవుతాడు?" అని కండక్టరును అడిగాడు గార్డు.

కొన్నాయన చటుక్కున అతని భుజం మీద చెయ్యేసి, "చెప్పు బావా!" అన్నాడు.

ఔనంటే గండం గడిచినట్టే. కాని 'నేను కండక్టరు బావని' అంటూ టికెట్ కొననివాళ్లను తను ఎంతమందిని నడిరోడ్డున దింపాడో కండక్టరుకు గుర్తొచ్చింది.

"ఏమీ కాడండీ. నేనే అమ్మాను."

గార్డు టికెట్లు రద్దు చేశాడు. కండక్టరు కౌంటర్లో తన డబ్బుతో వాళ్లకు కొత్తవి కొనిచ్చాడు.

కొన్నాయన చల్లబడ్డాడు. "కేసెందుకులే బావా!"