మంగతాయారు మధుపర్కం

మా వెల్లింగ్టన్ జాన్సన్‌విల్‌లో ఏ తెలుగువాళ్ళ పెళ్ళి ఆల్బమైనా తెరిచి చూడండి. జీలకర్ర బెల్లం ఫొటోలో పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ మధ్య ఎర్ర అంచున్న తెల్ల గుడ్డ ఒకటి ఉంటుంది. దాని నడుమ పసుపుతో వేసిన స్వస్తిక్ గుర్తు ఉంటుంది. అది మా మంగతాయారు వదిన తన పెళ్ళిలో కట్టుకున్న మధుపర్కం. ఈ ముక్క ముందే ఎందుకు చెప్పేస్తున్నానంటే, మా తెలుగు సంఘంలో సగంమంది ఇప్పుడా సంగతి ఎరగనట్టు నటిస్తున్నారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

వదిన అన్నానని చుట్టరికం అనుకునేరు. ఆవిడది పిఠాపురం, నాది సామర్లకోట. ఇక్కడ ఒకే వీధిలో ఉంటున్నాం. వెల్లింగ్టన్ గాలికి గొడుగు తిరగబడి నేను నడిరోడ్డు మీద తిట్టుకుంటుంటే, "ఏ ఊరండీ మీది? ఆ తిట్టు మా వైపుదే" అంటూ పలకరించిన మనిషి ఆవిడ. అప్పటినుంచీ వదినా మరదళ్ళం. ఆవిడ భర్త దామోదర్ గారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మంచివాడే, కాదనను. ఎవరితోనూ గొడవ పెట్టుకోడు, ఎవరి తరఫునా నోరు విప్పడు. ఇలాంటి మంచితనాన్ని మా అమ్మ గోడమీద పిల్లి వాటం అనేది.

మధుపర్కం తెర ఎలా అయిందంటే, ఇక్కడ జరిగిన మొదటి తెలుగు పెళ్ళి సంఘం అధ్యక్షుడు రాజారావు గారి పెద్దమ్మాయిది. పెళ్ళి సామానంతా హైదరాబాద్ నుంచి ఒకే పెట్టెలో తెప్పించారు. అందులో తెరతోపాటు మామిడాకులూ, కొబ్బరికాయలూ, వడ్లూ సర్దారు! ఎయిర్‌పోర్టులో పెట్టె మొత్తం ఆపేశారు. వాళ్ళ తప్పేముంది? ఆకూ గింజా కనబడితే లోపలికి రానివ్వని దేశానికి మామిడాకులు మోసుకొచ్చే తెలివి మనవాళ్ళకే ఉంటుంది. తీరా ముహూర్తం దగ్గరపడ్డాక తెర లేదు. ఎవరో దుప్పటి పట్టుకుందామన్నారు. వదిన గబగబా ఇంటికెళ్ళి, బీరువా అడుగున దాచుకున్న మధుపర్కం తెచ్చి, కత్తెరతో రెండుగా కోసేసింది. నా ప్రాణం ఉసూరుమంది. ఆవిడ మాత్రం నవ్వుతూ, "ఉంచుకోండి రాజారావు గారూ. ఇకమీదట అందరి పిల్లలకీ ఇదే తెర. మా హేమకీ ఇదే" అంది.

అప్పుడు హేమశ్రీ ప్రైమరీ స్కూల్లో ఉంది. ఒక్కతే కూతురు.

తరవాత ఎన్ని పెళ్ళిళ్ళో. ప్రతి పెళ్ళికీ జీలకర్ర బెల్లం నూరింది వదినే. తలంబ్రాలు కలిపింది వదినే. అప్పగింతలప్పుడు పెళ్ళికూతురి తల్లికంటే ముందు ఏడిచిందీ వదినే. వారమంతా వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి స్నానాలు చేయించి, అన్నాలు తినిపించి, నడుం పట్టేసినా సరే, శనివారం ఎవరింట్లో పెళ్ళంటే వాళ్ళింట్లో రోలు ముందు కూర్చునేది.

హేమశ్రీ చదువుకుని పామర్‌స్టన్ నార్త్‌లో ఫిజియోథెరపిస్టు అయింది. అక్కడే కీర్తన పరిచయమైంది. కీర్తనది వరంగల్, చదువుకోడానికి వచ్చి నర్సుగా స్థిరపడింది. ఒకే ఇంట్లో ఉంటున్నారు, ఫ్లాట్‌మేట్స్ అనుకున్నాం. ఒకరోజు హేమ వచ్చి తల్లిని కూర్చోబెట్టి చెప్పింది. కీర్తన ఫ్లాట్‌మేట్ కాదు, తామిద్దరూ పెళ్ళి చేసుకుంటామని.

ఈ దేశంలో అలాంటి పెళ్ళికి చట్టం వచ్చి పదేళ్ళు దాటింది. చట్టం వస్తే మాత్రం పిఠాపురంలో పుట్టిన తల్లి గుండె దానంతటదే సర్దుకుంటుందా? వదిన కొన్నాళ్ళు నాతో కూడా సరిగా మాట్లాడలేదు. తరవాత ఒకరోజు మా ఇంటికొచ్చి, టీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకుని కూర్చుని చెప్పింది.

"మా ఆశ్రమంలో ఇద్దరు ముసలమ్మలుండేవారు సరోజా. నలభై ఏళ్ళు కలిసి బతికారు. చట్టం వచ్చేసరికి ఇద్దరూ మంచాన పడ్డారు, పెళ్ళి ఊసే లేదు. వాళ్ళలో ఒకావిడ పోతే, అన్నయ్య పిల్లలట, ఎప్పుడూ చూడ్డానికైనా రానివాళ్ళు, అంత్యక్రియల దగ్గర ముందు వరసలో కూర్చున్నారు. రెండో ఆవిడని ఫ్రెండ్ అని వెనక కూర్చోబెట్టారు. వీల్‌చెయిర్ తోసింది నేనే. ఇంకొంచెం ముందుకి తొయ్యమ్మా, మొహం కనబడట్లేదు అని అడిగిందే ఆవిడ." కళ్ళు తుడుచుకుంది. "రేపు నా హేమని ఎవరూ అలా వెనక్కి తొయ్యకూడదు. నలుగురి మధ్యా చేస్తాను పెళ్ళి."

హేమకీ అదే కావాలి. "రిజిస్ట్రార్ దగ్గర సైన్ ఎప్పుడైనా చేస్తాం అమ్మా. బట్ ఐ వాంట్ జీలకర్ర బెల్లం. మన హాల్లో, నీ శారీ కర్టెన్‌తో" అంది. తెరని చిన్నప్పటినుంచీ కర్టెన్ అనేది. కీర్తన తల్లిదండ్రులు ఫోనెత్తడం ఎప్పుడో మానేశారు. ఆ పిల్ల, "నాకైతే ఏం అక్కర లేదాంటీ. హేమకు కావాలె. చిన్నప్పటి సంది అందరి పెళ్ళిళ్ళు చూసిందంట గద" అంది.

ఈ సంగతి రాజారావు గారి చెవిన పడింది. ఉగాది భోజనాల తరవాత జరిగే సర్వసభ్య సమావేశంలో ఆయన తీర్మానం పెట్టారు. సంఘం హాల్లో, సంఘం పెళ్ళి సామానుతో, ఆడామగా పెళ్ళిళ్ళు మాత్రమే జరగాలట.

"ఎవర్నీ కించపరచడానికి కాదండీ. గవర్నమెంట్ హక్కిచ్చింది, చేసుకోనివ్వండి. మన హాల్లో వద్దంటున్నాం, అంతే. రేపు మన పిల్లలు అడిగితే ఏం చెప్తాం?" అన్నారు.

వదిన లేచింది. అన్నేళ్ళలో ఆ మైకు ముందుకి ఆవిడ వెళ్ళడం అదే మొదలు. "రేపు కాదు రాజారావు గారూ. ఇవాళే అడిగింది. నా కూతురు."

విజయకుమార్ అందుకున్నాడు. వారమంతా ఆఫీసులో కంప్యూటర్లు, శనాదివారాలు మాకందరికీ పౌరోహిత్యం. "శాస్త్రం ఒప్పుకోదమ్మా" అన్నాడు.

"శాస్త్రం నాకంతగా తెలీదు బాబూ. ఒక్కటి అడుగుతాను చెప్పు. అరుంధతీ నక్షత్రం ఈ దేశంలో కనబడుతుందా?"

విజయకుమార్ నీళ్ళు నమిలాడు. "కనబడదమ్మా. అది ఉత్తరం వైపు చుక్క. ఇంత దక్షిణాన అసలు పైకే రాదు."

"మరి ప్రతి పెళ్ళిలోనూ జంటని కార్ పార్కులోకి తీసుకెళ్ళి చూపిస్తున్నావు కదా?"

"అంటే... అది ఆచారం కదమ్మా. మనసులో భావన ఉంటే చాలు."

"అదే నేననేదీ! లేని చుక్కని చూపించి కనబడిందా అంటే, మన పిల్లలందరూ కనబడిందండీ అన్నారు. పక్కన నిలబడి మనమూ తలూపాం. లేని చుక్కని చూడగలిగిన వాళ్ళం, కళ్ళెదురుగా పెరిగిన నా పిల్లని చూడలేమా?"

నేను చప్పట్లు కొట్టాను. ఇంకొందరు కొట్టారు. వదిన ఆగలేదు.

"రాజారావు గారూ, మీ అమ్మాయి పెళ్ళికి నేను కోసిన బట్ట అది. తిరిగిచ్చెయ్యమని అడగడం లేదు. మీ అందరి పిల్లలకీ పట్టారు. నా పిల్లకి కూడా పట్టండి. మా హేమ ఈ హాల్లో పాకింది, ఇక్కడే పళ్ళూడగొట్టుకుంది. దానికింకో ఊరు లేదు, మీరే దాని ఊరు."

రాజారావు గారు తల దించుకున్నారు. దించుకున్నారే గానీ తీర్మానం వెనక్కి తీసుకోలేదు. ఓటింగ్ అన్నారు. ఓట్లు సమానమైతే తీర్మానం వీగిపోతుందని ముందే చెప్పారు. అనుకూలమైనవాళ్ళు చేతులెత్తారు. వదిన నూరిన జీలకర్ర బెల్లంతో పెళ్ళిళ్ళయిన పిల్లల తల్లులు కూడా ఎత్తారు, మొహాలు పక్కకి తిప్పుకుని. తరవాత వ్యతిరేకమైనవాళ్ళని ఎత్తమన్నారు. నేను రెండు చేతులూ ఎత్తబోతే ఒకటి చాలన్నారు. వదిన ఎత్తింది. నేననుకోనివాళ్ళు కూడా ఎత్తారు, సంతోషమేసింది.

దామోదర్ గారు వదిన పక్కనే కూర్చున్నారు. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఉన్నాయి.

"ఏవండీ" అంది వదిన, మెల్లిగా.

ఆయన ముందు వరస కుర్చీ వైపే చూస్తూ ఉండిపోయారు. లెక్క అయిపోయింది. ఒక్క చెయ్యి తక్కువైంది.

వెళ్ళేటప్పుడు వాళ్ళ కారులోనే ఎక్కాను. నోరు ఊరుకుంటేనా! "ఏం అన్నయ్యగారూ, చెయ్యి నొప్పా?" అన్నాను.

"అందరూ మనవాళ్ళే కదా సరోజా. రేపు ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి" అన్నారు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"మీ అమ్మాయి మొహం చూడక్కర్లేదా?"

ఇంతలో హేమ ఫోన్ చేసింది. కారు స్పీకర్లో వినబడుతోంది.

"ఓడిపోయామమ్మా" అంది వదిన. "ఒక్క చెయ్యి తక్కువైంది."

హేమ చిన్నపిల్ల గొంతుతో అడిగింది, "నాన్న?"

నేను ముందు సీట్ల మధ్యలోంచి తల పెట్టాను.

"నాన్న ఎత్తారు" అంది వదిన. "అందరికంటే ముందు ఎత్తారు."

హేమ భోరుమంది. "నాన్నా, విన్నావా? థాంక్యూ. నువ్వు ఎత్తవనుకున్నాను. ఐయామ్ సో సారీ నాన్నా. హాల్ లేకపోతే ఏం? నువ్వు ఉన్నావు. నాకు అది చాలు."

దామోదర్ గారు కారు పక్కకి తీసి ఆపారు. "ఊఁ" అన్నారు.

మర్నాడు వదిన దగ్గరికెళ్ళి, ఎందుకలా అబద్ధమాడావని దులిపేశాను. "దానికి హాలు పోయింది, తెర పోయింది, ఊరు పోయింది. తండ్రి కూడా పోవాలా సరోజా?" అంది. కోర్టుకెళ్తే గెలుస్తారని మా అబ్బాయి అన్నాడని చెప్పాను. "కోర్టు హాలు ఇప్పిస్తుంది. మనుషుల్ని ఇప్పిస్తుందా?" అంది.

పెళ్ళి పామర్‌స్టన్ నార్త్‌లో, పిల్లల ఇంటి పెరట్లో పెట్టుకున్నారు. వదిన మాత్రం అభిమానం చంపుకుని జాన్సన్‌విల్‌లో ప్రతి ఇంటికీ బొట్టు పెట్టి పిలిచింది. "తప్పకుండా ట్రై చేస్తాం" అన్నారందరూ. తెలుగువాడు ట్రై చేస్తానన్నాడంటే రాడని పసిపిల్లకి కూడా తెలుసు. వదినవాళ్ళ కారు వెనక మా కారొక్కటే వెళ్ళింది. ఆసుపత్రి స్నేహితులు, పక్కింట్లో ఉండే ఈ దేశపు కివీలు, అంతే జనం. విజయకుమార్ మంత్రాలు ఫోన్లో రికార్డు చేసి పంపాడు, తన పేరు బయటికి రాకూడదన్నాడు. నేను చెప్పేస్తున్నాను, ఏం చేసుకుంటాడో చేసుకోమనండి.

తెర ఏదని నేను వెతుకుతుంటే, దామోదర్ గారు కారు డిక్కీ తీసి ఒక మూట తెచ్చారు. ఎర్ర అంచు తెల్ల పంచె. ఆయన పెళ్ళినాటి మధుపర్కం. వదిన దానివైపు చూసి, పసుపు కలిపి స్వస్తిక్ గుర్తు వేసింది.

"తెర నాన్నే పట్టాలి" అంది హేమ. వచ్చినవాళ్ళందరికీ ఇంగ్లీషులో చెప్పింది. మా సంఘమంతా వద్దన్నరోజున అందరికంటే ముందు నా కోసం చెయ్యెత్తిన మనిషి మా నాన్న అని. అందరూ చప్పట్లు కొట్టారు. దామోదర్ గారి మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఒక కొస ఆయన, ఒక కొస నేను పట్టుకున్నాం. తెరకి ఇటు హేమ, అటు కీర్తన. వదిన నూరిన జీలకర్ర బెల్లం ఒకరి తల మీద ఒకరు పెట్టుకున్నారు. అందరూ అక్షింతలు వేశారు. ఇక తెర దించాలి. నా కొస దించాను. ఆయన కొస దిగలేదు. రెండు చేతులూ పైకెత్తి, పంచెలో మొహం దాచుకుని అలాగే నిలబడిపోయారు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"నాన్నా, దించు! నాకు కీర్తన సరిగ్గా కనబడట్లేదు" అంది హేమ, ఏడుస్తూ నవ్వుతూ.

కీర్తన వెళ్ళి ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. "అయిపోయింది అంకుల్. దించుండ్రి."

భోజనాలయ్యాక వదిన వంటింట్లో ఆ పంచె మడతపెడుతోంది. నా కోపం కూడా కాస్త కరిగింది, నిజం చెప్పొద్దూ. "చూశావా వదినా, పాపం, రెండు చేతులూ ఎత్తారు మనిషి" అన్నాను.

వదిన పంచె మీద అంటుకున్న జీలకర్ర గోటితో గీకి తీసింది.

"ఎత్తారు సరోజా. లెక్కపెట్టేవాళ్ళు ఎవరూ లేనిచోట ఎత్తారు."