ఆరో తూటా

మా ఆయన దామోదర్ గురించి ఇంకెవరు చెప్పినా దేవుణ్ణి చేసేస్తారు. నేను చెబుతాను వినండి. దేవుడూ కాదు, పాడూ కాదు, ఉత్త మొండిమనిషి. విశాఖలో ఫిట్టరు, అమెరికాలో ఈ ఇర్వింగ్ ఊరొచ్చాక మెషినిస్టు. ఇంట్లో ఏది పాడైనా కొత్తది కొననిచ్చేవారు కాదు. విప్పి, ఆకురాయితో రుద్ది, మళ్లీ బిగించి, "చూశావా విజయా!" అని మీసం మెలేసేవారు. నాకు ఒళ్లు మండేది. ఇప్పుడా మాట ఒక్కసారి వినబడితే చాలు, ఇల్లంతా పాత సామాను పేర్చినా పల్లెత్తు మాట అనను.

ఫోర్‌మన్ రిటైరవుతూ ఆయనకో పాత రివాల్వర్ ఇచ్చాడు. దానికి ఆరు గదులున్నా అయిదు తూటాలే పెట్టాలి. తూటాని కొట్టే సుత్తి కింద గది ఖాళీగా ఉండాలి, లేకపోతే కింద పడితే పేలుతుంది. ఈ సంగతి ఆయనకు తెలుసు. నాకు చెప్పలేదు.

ఎనభై మూడులో దాని స్ప్రింగు విరిగింది. ఆయనతో పనిచేసే రవికుమార్ మా ఇంట్లో టీ తాగుతూ అన్నాడు.

"కంపెనీకి పంపి కన్వర్ట్ చేయించెయ్ దామోదర్. లోపల పార్టులు మారుస్తారు. సేఫ్."

"ట్రిగర్ మొద్దుబారుతుందయ్యా! విరిగింది స్ప్రింగేగా, రిపేర్ చేస్తే చాలు."

"సేఫ్ అంటున్నాడుగా, పంపేద్దురూ," అన్నాను.

"నీకెందుకే అవన్నీ?"

ఆ మాటకు నేను రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన స్ప్రింగు మార్చుకుని, పిల్లాడిలా మురిసిపోయారు.

దసరాకి ఆయుధపూజ. మైక్రోమీటరు, ఆకురాళ్లు, వాటి పక్కన రివాల్వర్. ఆయన స్నానానికి వెళ్లారు. బొట్లు పెడుతూ చూశాను, ఒక గది ఖాళీ. మా పుట్టింట్లో పూజలో ఏదీ ఖాళీగా పెట్టరు. కుంకుమ భరిణెలోనైనా చిటికెడు ఉండాల్సిందే. మతిమరుపు మనిషి అని విసుక్కుని, సొరుగులోంచి ఒక తూటా తీసి పెట్టాను. ఆయన పెట్టడం ఎన్నిసార్లు చూడలేదు! పూజయ్యాక తాను పెట్టినవి అయిదే కదా అని ఆయన చూసుకోకుండానే అలమరలో దుప్పట్ల మీద పెట్టేశారు.

ఆ శనివారం చలిగా ఉందని నేనే దుప్పటి అడిగాను. ఆయన లాగారు. దానితోపాటు రివాల్వర్ నేలమీద పడింది. ఒక్కటే మోత. నేను వెళ్లేసరికి ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని గోడవారన కూర్చుని ఉన్నారు. నా పేరు కూడా పిలవకుండానే పోయారు.

పోలీసులు ప్రమాదమని రాసుకుని, కొన్నాళ్లకు రివాల్వర్ తిరిగిచ్చారు. సుత్తి పగిలి ఉంది. రవికుమార్ వచ్చాడు.

"అంత జాగ్రత్త మనిషి ఆరోది ఎలా పెట్టాడు వదినా? ఖాళీగా ఉంచకపోతే పేలుతుందని మాకు చెప్పిందే వాడు!"

అప్పుడు తెలిసింది నాకు.

"దీన్ని పారేయనా, రిపేర్ చేయించనా?" అన్నాడు.

"కన్వర్ట్ చేయించు."

"ఇంకెవరు వాడతారు వదినా?"

"ఎవరూ వాడరు. అయినా చేయించు. ఆరోది పెట్టింది ఆయన కాదు రవీ, నేను."

అతను రివాల్వర్ పట్టుకెళ్లాడు.

రవి తప్ప అందరూ ఆయన పొరపాటనే అనుకుంటున్నారు. ఊళ్లోవాళ్లకు చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. ఆయన ఫోటో ముందు మాత్రం రోజూ పోట్లాడతాను. ఏమండీ, ఆ గది ఎందుకు ఖాళీగా ఉంచారో ఒక్క ముక్క చెప్పి ఉంటే, నేను నింపేదాన్నా?