కత్వ తెంపిన రోజు

ఒక చావును ఏళ్ల తరబడి మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలియదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా వాగుకు అడ్డంగా ఉన్న పాత రాతి కత్వను, ఆ చిన్న ఆనకట్టను, తీసేశారు. దాని వెనక ఇసుక మేటలు వేసింది, దిగువన వాగు చచ్చిపోయింది. ఆ పనిలో నేను మేస్త్రీని. గండి కొట్టే ముందు, దిగువన ఎవరైనా ఉంటే చెప్పి రమ్మని ఇంజనీరు నన్ను పంపాడు.

బండి మీద బయలుదేరాను. దారిలో చాయ్ హోటల్లో టీవీ, క్రికెట్ మ్యాచ్. కూర్చున్నాను. ఎండాకాలం వాగులో ఎవరుంటారులే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక అది తర్వాత నన్ను నేను నిద్రపుచ్చుకోవడానికి అల్లుకున్న సాకా, ఇప్పటికీ తేల్చుకోలేను. ఇంజనీరుకు అక్కణ్నుంచే ఫోన్ చేశాను.

"అందరికి చెప్పిన సార్. కానీయుండ్రి."

మా ఊరి గొర్లకాపరి మల్లయ్య అప్పుడు దిగువన వాగులోనే ఉన్నాడు. ఇసుకలో చెలిమె తోడి గొర్లకు నీళ్లు పెడుతున్నాడు. ఎండల్లోనూ కత్వ వెనక నిలిచి ఉన్న నీళ్లన్నీ ఒక్కసారిగా దిగాయి. కొన్ని గొర్లు ఒడ్డెక్కాయి. అతను ఎక్కలేదు.

శవాన్ని వంతెన దగ్గర బయటికి తీశాక ఇంజనీరు అందరి ముందు నన్ను నిలదీశాడు. "చెప్పిన సార్. తాగి ఉండె, ఇనలే" అన్నాను. అంత తేలిగ్గా ఎలా వచ్చింది ఆ మాట?

దినాలు అయ్యాక అతని భార్య ఎల్లమ్మ మా ఇంటికి వచ్చింది. లోపలికి రాలేదు.

"తమ్మీ, ఆయన ఎన్నడు కల్లు గూడ ముట్టలే. నీ కండ్లతోటి చూసినవా?"

"చూసిన అక్కా."

"వాసన గూడ వచ్చిందా?"

"వచ్చింది."

తల ఊపి వెళ్లిపోయింది. నన్ను నమ్మింది. ఇన్నేళ్లూ తనకు తెలియకుండా తాగాడని మొగుడి మీద కోపం పెట్టుకుని, అతని ఫొటో గోడ మీద నుంచి తీసేసిందట.

వాగు మాత్రం బతికింది. వానాకాలం చేపలు ఎదురెక్కుతున్నాయి, పిల్లలు ఈదుతున్నారు. మంచి పని చేశావని ఊళ్లో నన్నూ మెచ్చుకుంటారు. నేను ఇప్పుడు జడ్చర్లలో కిరాయికి ఉంటున్నాను. ఇక్కడ కుళాయి తిప్పినా ఒక్కోసారి గొర్ల అరుపు వినిపిస్తుంది.

ఎల్లమ్మ ముందుకు వెళ్లే ధైర్యం లేదు. రేపైనా ఆ ధైర్యం వస్తుందని ఒట్టు వేయలేను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఈ నాలుగు ముక్కలు రాస్తుంటే మాత్రం కొంచెం ఊపిరి ఆడుతోంది. మల్లయ్య తాగి లేడు. నేను అతని దగ్గరికి వెళ్లనే లేదు.