నా పేరు మీద నడిచిన ప్రోగ్రాం

మా విద్యాసంస్థకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో మూడు కాలేజీలు ఉండేవి. మూడింటి కంప్యూటర్ల బాధ్యత సూర్యాపేటలో కూర్చున్న నాది. సిబ్బంది పేర్లన్నీ ఒకే సర్వర్‌లో, డైరెక్టరీ అనే ఏర్పాటులో పెట్టాం. మన వైపు కొత్త మనిషి కనబడితే ఏ ఊరు, ఎవరింటివాళ్లు, ఎవరి కొడుకు అని వరసగా అడుగుతాం కదా, అదీ అలాగే ఉంటుంది. ముందు కాలేజీ, తర్వాత విభాగం, ఆ తర్వాత మనిషి. ఎవరు చేరినా ఆ రోజే పేరు ఎక్కించేవాణ్ని. ఎవరు రిటైరైనా ఆ సాయంత్రమే ఆ పేరు ఇక పనిచేయకుండా మూసేవాణ్ని. రోజూ డైరీ రాసే అలవాటున్నవాణ్ని. ఈరోజు పని రేపటికి మిగిలితే నాకు అన్నం సహించదు.

సెలవులకు, మార్కులకు ఒక ప్రోగ్రాం కావాలని, సంస్థను నడిపే కరెస్పాండెంట్ గారు అడిగినప్పుడు, దాన్ని రాసింది కోదాడ కాలేజీలో పనిచేసే నా సహోద్యోగి. నాకన్నా పదేళ్లు చిన్న. అతను రాస్తుంటే పక్కన కూర్చుని చూడడం నాకు ముచ్చటగా ఉండేది. బస్సులో వచ్చేవాడు. మధ్యాహ్నం మా ఇంటి క్యారియర్‌లోనే ఇద్దరం తినేవాళ్లం.

ఫలానా మనిషి మన సిబ్బందిలో ఉన్నాడా అని ఆ ప్రోగ్రాం డైరెక్టరీని అడగాలంటే, ముందు తానెవరో చెప్పుకోవాలి. అందుకు ప్రోగ్రాంకే వేరుగా ఒక పేరు పెట్టి, అవసరమైనంత మేరకే అధికారం ఇవ్వడం పద్ధతి.

“ముందు మీ పేరుతో కలుపుదాం అన్నా. డెమో అయ్యాక మార్చేస్తాను,” అన్నాడు.

“నా పేరుకు అన్ని అధికారాలుంటయి తమ్మీ. ఎవరి పేరన్న తీసెయ్యొచ్చు. ఎట్ల మరి?”

“నా చేతిలో ఉంటే మీ చేతిలో ఉన్నట్టు కాదా?”

ఆ మాటకు పాస్‌వర్డ్ చెప్పేశాను. డెమో బాగా జరిగింది. పేరు మాత్రం మారలేదు. అడిగినప్పుడల్లా “చూద్దాంలే అన్నా” అనేవాడు.

నా రిటైర్మెంట్‌కు నెల ముందు, ఒక ఉదయం మిర్యాలగూడ అధ్యాపకులు ఎవరికీ లాగిన్ కాలేదు. చూస్తే డైరెక్టరీలో మిర్యాలగూడ కాలేజీయే లేదు. మార్కులు పంపడానికి అదే చివరి రోజు. పాత కాపీ తెచ్చి పేర్లన్నీ నిలబెట్టేసరికి గడువు దాటింది. తీసేసింది ఎవరని, ఎవరెప్పుడు ఏం చేశారో నమోదయ్యే సర్వర్ లాగ్‌లో వెతికితే, ముందు రోజు తేదీతో నా పేరు కనిపించింది. ఆ రోజంతా నేను నడిగూడెంలో బంధువుల పెళ్లిలో ఉన్నాను.

కోదాడకు ఫోన్ చేశాను. “కొత్త కోడ్ పరీక్షిస్తున్నా అన్నా. టెస్ట్ సర్వర్ అనుకున్నా, అసలు దాని మీదే నడిచిపోయింది. మీటింగులో నేనే చెప్తాలే,” అన్నాడు.

మీటింగులో కరెస్పాండెంట్ గారు నా వైపే చూశారు. “ఏంది సార్ ఇది? పోయే ముంగట గీ పని చేసిన్రు?”

నేను అతని వైపు చూశాను. టీ కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. కప్పు కింద పెట్టి కరెస్పాండెంట్ గారి వైపు తిరిగాడు.

“లాగ్‌లో అయితే సార్ పేరే ఉంది సార్. వయసు కదా, పొరపాటున ఏదో నొక్కి ఉంటారు. పెద్దాయన, వదిలేయండి.”

ప్రోగ్రాం నా పేరుతో నడుస్తోందని నేను చెప్పబోయాను. “మీ పాస్‌వర్డ్ మీ దగ్గరుండాలె గాని, గాయన మీదికి తోస్తే ఎట్ల సార్?” అన్నారు కరెస్పాండెంట్ గారు. అన్నేళ్ల ఉద్యోగంలో నా మీద ఒక్క మాట రాలేదు. మచ్చ లేకుండా బయటపడాలన్నది ఒక్కటే నా కోరిక.

వరండాలో అతన్ని ఆపాను. “నేను పోయే రోజు నా పేరు మూసేస్త. ఈలోపల మార్చుకో.”

“చూద్దాంలే అన్నా.”

చివరి రోజు శాలువా కప్పారు. సాయంత్రం, అందరికీ చేసినట్టే, నా పేరు నేనే మూసి ఇంటికి వెళ్లాను. మర్నాడు పొద్దున్నే ఫోన్.

“మూసేశారా అన్నా? మూడు కాలేజీల్లో అంతా ఆగిపోయింది. ఎందుకాగిందని కరెస్పాండెంట్ గారు అడుగుతున్నారు.”

“ఉన్నదున్నట్టు చెప్పు తమ్మీ. నా పేరు మీద నడుస్తుండెనని చెప్పు. గంతే నాకు కావాల్సింది.”

ఆ ఒక్క మాట చెబితే మిర్యాలగూడ పేర్లు చెరిపిన చెయ్యి ఎవరిదో కూడా తేలిపోతుంది. అది అతనికీ తెలుసు. “సరే అన్నా” అన్నాడు. నేను నమ్మాను. ఆ రోజంతా కరెస్పాండెంట్ గారి ఫోన్ కోసం చూశాను.

కొన్నాళ్లకు సూర్యాపేట బస్టాండులో మిర్యాలగూడ అధ్యాపకుడు ఒకాయన కలిశాడు.

“బాగున్నరా సార్? పోతా పోతా తాళమేసుకొని పోయిన్రట గద,” అని నవ్వాడు. “కోపంతోటి బంద్ పెట్టిన్రని మీటింగుల కోదాడ సార్ చెప్పిండు.”

“ఇప్పుడు నడుస్తుందా?”

“మంచిగ నడుస్తుంది. మీ పేరు మళ్ల తెరిపిచ్చిండట ఆయన. మీరు ఇంట్ల కూసున్నంక మీ పేరుతోటి ఏం పని సార్ వాళ్లకు?”

చెప్పడం మొదలుపెట్టాను. డెమో రోజు దాకా వచ్చేసరికి మిర్యాలగూడ బస్సు కదిలింది. పరుగెత్తి ఎక్కి, ఫుట్‌బోర్డు మీద నుంచి వెనక్కి తిరిగాడు.

“మళ్ల కలిసినప్పుడు చెప్పుండ్రి సార్.”