లిఫ్టులో అంటించిన జోస్యం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒక్కటీ ఉండేది కాదు. ఇప్పుడు అన్నీ తెలియనివే అనుకోండి, అది వేరే సంగతి. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మకాం మదీనాగూడలో మా బాబాయి వాళ్ల ఫ్లాటు. పొద్దున లేస్తే బాత్రూమ్ కోసం బాబాయితో పోటీ, బస్సులో కాలు మోపే చోటు కోసం సాఫ్ట్‌వేర్ వాళ్లతో పోటీ, లైబ్రరీలో ఫ్యాను కింద కుర్చీ కోసం సీనియర్లతో పోటీ. ఇవన్నీ చాలవన్నట్టు ప్రాజెక్టొకటి. నేను ఏ అంశం తీసుకెళ్లినా మా గైడు మేడమ్ కళ్లద్దాలు పైకి తోసుకుని "ఇది పాతదమ్మా" అనేవారు. ఇంటికొచ్చి టీవీ పెడితే ఎన్నికల ఫలితాల మీద నిపుణులు వాదించుకుంటూ కనిపించేవారు. "వీళ్లకి శాంపిల్ తీయడం కూడా రాదు పిన్నీ!" అని నేను పళ్లు నూరుతూ ఉండేదాన్ని. (నా అభిప్రాయం వాళ్లదాకా చేరే దారి లేదు కాబట్టి వాళ్లు సుఖంగానే ఉండేవారు. మా పిన్నికే ఆ సుఖం లేదు.)

సరిగ్గా అలాంటి సమయంలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు ఎన్నికలొచ్చాయి. మొత్తం నలభై ఎనిమిది ఫ్లాట్లు. ఒకటి అమ్ముడుపోక తాళం వేసి ఉంది, మిగతా నలభై ఏడింటికీ ఫ్లాటుకో ఓటు. ప్రతిసారీ ఎవరో ఒకరిని బతిమాలి ప్రెసిడెంటు కుర్చీలో కూర్చోబెట్టే మా వాళ్లకు ఆ ఏడాది ఏకంగా ఇద్దరు దొరికారు. ఒకరు మా బాబాయి. రెండోవారు మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ కరెంటు ఇంజనీరు. వచ్చేపోయే ప్రతి మనిషి పేరూ పుస్తకంలో రాయించాలని మీటింగు మీటింగుకూ పట్టుబట్టేవారు కాబట్టి పిల్లలంతా ఆయన్ని రిజిస్టర్ అంకుల్ అనేవాళ్లం.

గొడవంతా వాచ్‌మన్ దగ్గర మొదలైంది. ఆయన ఎవరిదో కూరగాయల సంచి నాలుగో అంతస్తుకు మోసుకెళ్లిన పది నిమిషాల్లో సెల్లార్‌లోంచి రెండు సైకిళ్లు, ఒక గ్యాసు బండ మాయమయ్యాయి. అంకుల్ అగ్గిమీద గుగ్గిలమయ్యారు. వాచ్‌మన్‌ను తీసేసి ఏజెన్సీ నుంచి యూనిఫాం వాళ్లను పెట్టాలని, సెల్లార్‌లోని గది వాళ్లకివ్వాలని ఆయన పట్టు. ఆ గదిలోనే వాచ్‌మన్ కుటుంబం ఉండేది. మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చిన వాళ్లు. "ఎనిమిదేళ్లుగా మన గుమ్మంలో ఉన్న మనిషండీ! మనం పురమాయించిన పనికే కదండీ పైకి వెళ్లాడు?" అంటూ మా బాబాయి ఆవేశపడి, ఆ ఆవేశంలోనే నామినేషన్ కూడా వేసేశాడు.

ఒకరోజు వాచ్‌మన్ భార్య (నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని) మెట్లు తుడుస్తూ నన్ను ఆపింది. "మీ బాబాయి సారు గెలుస్తడా అమ్మా? పిల్లది పదో తరగతి. గీ నడిమిట్ల బడి ఇడిపిచ్చి ఏడికి పోతం?" అంది. ఆ మాట నాకు గుండెలో గుచ్చుకుంది. నా బుర్రలో మాత్రం బల్బు వెలిగింది. (మంచితనమూ స్వార్థమూ ఒకే క్షణంలో పుట్టడం నాకు ముందునుంచీ ఉన్న గుణం.) "ఫికర్ పడకక్కా, నేను లెక్క తీసి చెప్తాగా" అని హామీ ఇచ్చి, మర్నాడే మేడమ్ ముందు వాలిపోయాను. అపార్ట్‌మెంట్ ఎన్నికల ఫలితాన్ని ముందుగా అంచనా వేస్తానన్నాను. మేడమ్ మొదటిసారి "పాతదమ్మా" అనలేదు.

వారం రోజులు సాయంత్రాలు నోటుబుక్కు పట్టుకుని గడప గడపా తిరిగాను. శాంపిలూ గీంపిలూ లేదు, నలభై ఏడు ఇళ్లూ అడిగేశాను. మనవాళ్లు దాపరికం లేని మనుషులు. కాఫీ ఇచ్చి, జంతికలు పెట్టి, ఎవరికి వేస్తారో చెప్పి, మా అబ్బాయికి లెక్కలు చెప్పరాదూ అని అడిగి మరీ పంపారు. కూడి చూస్తే బాబాయికి ముప్పై అయిదు, అంకుల్‌కు పన్నెండు! నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. పరుగున కిందికి వెళ్లి అక్కకు చెప్పాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని "నీ నోట్ల చక్కెర పొయ్య" అంది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా? నేను ఆ అంకెలతో రంగుల బొమ్మ గీసి, పైన "గెలుపు ఖాయం" అని రాసి, లిఫ్టులో అద్దం పక్కన అంటించాను. "ఎందుకే, దిష్టి తగులుతుంది" అంది పిన్ని. "సైన్సుకు దిష్టి తగలదు పిన్నీ" అన్నాను.

మర్నాడు నేను లిఫ్టెక్కి కిందికి బటన్ నొక్కాక మూడో అంతస్తులో రిజిస్టర్ అంకుల్ ఎక్కారు. ఎక్కడికీ పారిపోవడానికి లేదు. ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని ఆ కాగితాన్ని పైనుంచి కిందిదాకా చదివారు. "పన్నెండేనా బిడ్డా?" అన్నారు మెల్లగా. నేను తలూపాను. "మా ఇంటిది కలిపినవా, ఇడిసిపెట్టినవా?" అని అడిగారు. "కలిపే, అంకుల్" అన్నాను. ఆయన కళ్లజోడు మడిచి జేబులో పెట్టుకుని, "మంచిగ గీసినవ్. రంగులు మంచిగున్నయ్" అన్నారు. బస్సు తప్పిపోయిన ఎన్నో ఉదయాలు నన్ను తన స్కూటర్ మీద యూనివర్సిటీ గేటుదాకా దింపిన మనిషి ఆయన. ఆ మూడు అంతస్తులు దిగేలోపు నేను సిగ్గుతో చితికిపోయాను.

పోలింగ్ ఆదివారం పొద్దున సెల్లార్‌లో జరిగింది. ఇంటికి ఎవరు వచ్చి వేసినా సరే అన్నారు. బాబాయి మెట్ల దగ్గర చేతులు జోడించి నిలబడ్డాడు. పిన్ని ఓటర్లకు ఉప్మా కలుపుతోంది. "నువ్వెళ్లి మన ఓటు గుద్దేసి రావే" అంది గరిటె ఊపుతూ. వెళ్లాను. కుక్కర్ అట్టపెట్టెకు చీలిక పెట్టి బ్యాలెట్ పెట్టె చేశారు. దాని పక్కనే కుర్చీలో అంకుల్, ఇస్త్రీ చొక్కాతో, పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లాడిలా బిగుసుకుని ఉన్నారు. నన్ను చూడగానే "తిన్నవా బిడ్డా? నిన్న ఆటో దొరికిందా?" అన్నారు.

చీటీ పట్టుకుని గోడవైపు తిరిగాను. రెండు పేర్లు కనిపిస్తున్నాయి. పాపం, ఈ మనిషికి పన్నెండే వస్తాయి కదా, అందరి ముందూ లెక్కపెడతారు కదా అనిపించింది. పదమూడైతే కాస్త పరువుగా ఉంటుంది. ముప్పై అయిదు కాస్తా ముప్పై నాలుగైతే మన కొంపేం మునుగుతుంది? ఒక్క ఓటు తేడా వల్ల ఏమీ కాదని నాకు సిద్ధాంతపరంగా కూడా తెలుసు. అంకుల్ పేరు పక్కన టిక్కు పెట్టి, మడిచి, పెట్టెలో వేసి, మహాదానం చేసినదానిలా పైకొచ్చి ఉప్మా తిన్నాను.

మధ్యాహ్నం లెక్కింపు. మొదటి పది చీటీల్లో ఆరు అంకుల్‌వి. మొదట్లో ఇలాగే ఉంటుందని పక్కనున్న వాళ్లకు పాఠం చెప్పాను. ఇరవై చీటీలకు పది, పది. పాఠం ఆపి నేనూ వేళ్ల మీద లెక్కపెట్టసాగాను. ముప్పై దాటాక బాబాయి నావైపు చూడడం మొదలుపెట్టాడు. చివరికి నాలుగో అంతస్తు డాక్టరమ్మ గొంతు సవరించుకుని చదివారు. బాబాయికి ఇరవై మూడు. అంకుల్‌కు ఇరవై నాలుగు. ఒక్క ఓటు! ఆ ఒక్క ఓటు ఏ ఇంటిదో, దాన్ని ఎవరు వేశారో నాకు మాత్రమే తెలుసు. స్తంభం పక్కన చీపురు పట్టుకుని నిలబడ్డ అక్క తన గదిలోకి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి ఇంకో వింత మొదలైంది. లిఫ్టులో, మెట్ల మీద, పాల ప్యాకెట్ల దగ్గర ఎవరు కనిపించినా నన్ను పక్కకు పిలిచి గుసగుసలాడేవారు. మొదట రెండో అంతస్తు ఆంటీ: "మీ బాబాయిగారు ఎలాగూ గెలుస్తున్నారు కదమ్మా. పాపం, ఆ పెద్దాయనకు మరీ చిన్నతనంగా ఉంటుందని..." తర్వాత డాక్టరమ్మ. తర్వాత మా ఎదురింటి బ్యాంకు మేనేజరు: "ముప్పై అయిదని నువ్వే అంటించావు కదమ్మా! ఆ ధైర్యంతోనే వేశానండీ." (ఇరవై రెండేళ్ల పిల్లను అండీ అన్నాడంటే ఎంత తప్పు చేశానని అనుకున్నాడో చూడండి.) అలా పదకొండు మంది. నేనూ కలిస్తే పన్నెండు. ముప్పై అయిదులోంచి పన్నెండు తీసేస్తే ఇరవై మూడు. నా సర్వే అక్షరాలా నిజం. దాన్ని చూసి జాలిపడ్డ పన్నెండు మంది కలిసి దాన్ని అబద్ధం చేశారు. మా అపార్ట్‌మెంటు మొత్తం, ఎవరికి వారు, రహస్యంగా, మొహమాటంతో మా బాబాయిని ఓడించింది! విషయం విన్న గైడు మేడమ్ "సర్వే బాగానే ఉందమ్మా. లిఫ్టులో అంటించమని నీకు ఎవరు చెప్పారు?" అన్నారు.

ఇక చేయగలిగింది ఒక్కటే. అంకుల్ దగ్గరికెళ్లి ఉన్న నిజం చెప్పేయాలి. ఇవి మీ ఏజెన్సీకి పడ్డ ఓట్లు కావు, జాలితో పడ్డవి, దయచేసి ఆ కుటుంబాన్ని పంపకండి అనాలి. లిఫ్టెక్కకుండా మెట్ల మీద నాలుగుసార్లు వల్లె వేసుకుంటూ వెళ్లి తలుపు కొట్టాను. ఆయనే తీశారు. చేతిలో జిలేబీ పళ్లెం. "రా బిడ్డా! మా ఆమెనే నమ్మలే, తెల్సా? మన ఇంటి ఓటు తప్ప ఇంకోటి రాదన్నది. రిటైరైనంక నన్నెవరు అడుగుతున్నరు చెప్పు? ఇరవై నలుగురు! నేనంటే గింత మర్యాద ఉన్నదని నాకే ఎర్క లేదు" అన్నారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. నేను నోరు తెరిచాను. ఆయన అందులో జిలేబీ పెట్టారు. నమిలి మింగి, "కంగ్రాట్స్ అంకుల్" అని బయటికి వచ్చేశాను. వచ్చేముందు వాచ్‌మన్ వాళ్ల మాట కదపకపోలేదు. "నాకు వాళ్ల మీద కోపం లేదు బిడ్డా. గని మాటిచ్చి గెలిచినంక తప్పుతనా? పిల్ల పరీక్షలయ్యేదాంక ఉండమంట" అన్నారు. అంతవరకే దక్కింది.

పరీక్షలయ్యాయి. వాళ్లు కొండాపూర్‌లో కడుతున్న ఓ బిల్డింగు దగ్గర కావలికి కుదిరారు. మూటలు ఆటోలోకి ఎక్కించే రోజు నేనూ ఓ చెయ్యి వేశాను. అన్నం డబ్బా, చాపలు, పిల్ల పుస్తకాల సంచీ. చివరి మూట ఎత్తేముందు ఉండబట్టలేక అక్కకు అంతా చెప్పేశాను. ఓటు నాదేనని, పాపం అనిపించి వేశానని, ఇంకా పదకొండు మంది అలాగే వేశారని చెప్పాను. చెబుతూ ఏడ్చేశాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. ఆమె దిగ్భ్రాంతిగా నన్నే చూసింది. తర్వాత నవ్వొచ్చి నోటికి కొంగడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగాక, "ఓట్లున్నోళ్లు గిట్ల జేస్తరా అమ్మా?" అంది. "మాకు ఒక్క ఓటుంటే, శరం పడకుంట మాకే ఏసుకుంటుంటిమి."

ఆటో వెళ్లిపోయింది. నా ప్రాజెక్టుకు ఆ ఏడాది క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులొచ్చాయి. అంచనా ఎందుకు తప్పిందో వివరించిన అధ్యాయం అద్భుతమట. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇప్పుడు మాదాపూర్‌లో ఒక ఆఫీసులో అంకెల పనే చేస్తున్నాను. పోయిన నెల మా క్యాంటీన్ కమిటీకి ఓటింగు పెడితే, మొదట ఎవరూ ముందుకు రాకపోవడంతో నేనే నిలబడ్డాను. తర్వాత నాకు పోటీగా దిగిన కుర్రాడు చాలా మంచివాడు, రోజూ నాకు లిఫ్టు తలుపు పట్టుకుంటాడు. స్క్రీన్ మీద రెండు పేర్లూ కనిపించగానే పాత జబ్బు తిరగబెట్టింది. వేలు అతని పేరు మీదికి వెళ్లింది కూడా. ఒక నిమిషం ఆగి, చెవులు వేడెక్కుతుండగా, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, నా ఓటు నాకే వేసుకున్నాను. తొమ్మిది ఓట్ల తేడాతో ఓడిపోయాను. ఈసారి నన్ను ఓడించిన వాళ్లలో నేను లేను.