రుకో నాన్నా

సోమవారం పొద్దున ఫీనిక్స్ బే రేవులో షిప్పు టికెట్ల కౌంటరు తెరిచి పది నిమిషాలు కూడా కాలేదు, మా తెలుగు మేడమ్ కూతురు ఫోన్ చేసింది. "దీదీ, అమ్మ ఎల్లిపోయింది. నిద్దట్లోనే. నర్సు బీపీ చూద్దామని వస్తే తెలిసింది" అంది. నాకు ముందు ఏడుపు రాలేదు. ఊరట కలిగింది. నాలుగు నెలలుగా ఆమె పడ్డ నొప్పి చూసినవాళ్ళెవరికీ ఈ మాట తప్పుగా తోచదు. మీరు తప్పు పట్టినా మేడమ్ పట్టరు. ఉన్నమాట చెప్పమని మా చెవులు మెలిపెట్టిన మనిషి ఆమె.

హాడోలో, ఓడలాగే వార్ఫు పక్కనున్న మా బళ్ళో తెలుగు చెప్పేవారు. ఏటా వార్షికోత్సవానికి మాతో నాటకం వేయించేవారు. అట్టకిరీటాలు, బంగారు కాగితాలు, జారిపోయే మీసాలు. సునామీ వచ్చిన మరుసటి ఏడు ఆ కిరీటాలన్నీ మూటకట్టి బీరువా మీద పడేశారు. "రాజుల గోల చాలు. ఈసారి మన ఇళ్ళు ఆడదాం" అన్నారు. ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు, ఎవరు అన్నం మానేశారు, తలుపు మూశాక ఏం వినిపిస్తుంది, అన్నీ మా చేతే చెప్పించి నాటకం రాశారు. సంగతి పొక్కి పెద్దవాళ్ళు బడి మీదికొచ్చారు. "చిన్నపిల్లలకి ఇయన్నీ ఎందుకు మేడమ్?" అని ఒకాయన నిలదీశాడు. మేడమ్ మా వేషాలకి గుచ్చే పిన్నీసు పళ్ళ మధ్య నుంచి తీయకుండానే, "వాళ్ళకి తెలీదనుకుంటున్నారా బాబూ? తలుపవతల నిలబడి వింటున్నది వాళ్ళేగా" అన్నారు. పిన్నీసు లేకుండా ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

మా నాన్నకి కార్ నికోబార్ దీవిలో కొట్టు ఉండేది. నీళ్ళొచ్చి ఆ కొట్టునీ, అందులో ఉన్న మా బాబాయినీ తీసుకుపోయాయి. నాన్న మిగిలాడు. హాడోకి తిరిగొచ్చాక మాట్లాడటం మానేశాడు. వార్ఫులో షిప్పు కూసిందంటే చాలు, మళ్ళీ నీళ్ళొస్తున్నాయన్నట్టు లేచి గుమ్మం దాటి ఎటో ఎత్తు మీదికి నడిచిపోయేవాడు. గంటల తరబడి కనిపించేవాడు కాదు. అమ్మ ఆరు నెలలు ఓర్చుకుంది. ఆ తర్వాత, "బస్, ఇంక నా వల్ల కాదు. ఈ మనిషి మనసులో ఏటుందో నాకేటి తెలుస్తాది? పిల్లనట్టుకుని వైజాగ్ షిప్పెక్కేస్తాను" అని రోజూ అనేది. నాకప్పుడు పదకొండేళ్ళు. నేను అల్లరి మానేస్తే ఇద్దరూ సర్దుకుంటారనుకుని, ఇంట్లో నోరు తెరవడమే మానేశాను.

మేడమ్ నాకు నాయనమ్మ వేషం ఇచ్చారు. ఉన్నది ఒక్కటే మాట. అమ్మా నాన్నల పోట్లాట చూసి ఏడుస్తున్న మనవడి తల నిమిరి, "ఊరుకో నాన్నా" అనాలి. మాలో సగం మందికి తెలుగు చదవడం రాదు కనక ఎవరి మాటలు వాళ్ళకి హిందీ అక్షరాల్లో రాసిచ్చారు. నాటకం రోజు అమ్మ లాక్కొస్తే నాన్న కూడా వచ్చి తలుపు పక్క బెంచీ మీద కూర్చున్నాడు. సరిగ్గా నా వంతుకి వార్ఫులో షిప్పు కూసింది. నాన్న లేచి తలుపు వైపు తిరిగాడు. నా చెయ్యి మనవడి తల మీదే ఉంది గానీ కళ్ళు మాత్రం నాన్న మీద ఉన్నాయి. "రుకో నాన్నా" అనేశాను. అది నాయనమ్మ గొంతు కాదు, నాదే.

నాయనమ్మకి హిందీ వచ్చేసిందని ముందు వరుసల్లో నవ్వారు. ఆగమని నేను ఎవరిని బతిమాలానో నాన్నకి తెలిసింది. ఆగాడు. నాటకం అయ్యేదాకా తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

చీవాట్లు తప్పవని నేను తెర వెనక నక్కాను. మేడమ్ వచ్చి నా కాగితం తీసుకుని, ఊరుకో అన్నది కొట్టేసి రుకో అని రాశారు. "నేనే తప్పు రాశానే. ఎవరేడ్చినా ఊరుకోమనడం మనకి అలవాటైపోయింది" అన్నారు. తెల్లజుట్టు విగ్గు నా తల మీంచి తీస్తూ, "మీ ఇంట్లో జరిగేది నీ వల్ల కాదు. నువ్వు అల్లరి చేసుకోవచ్చు" అని కూడా అన్నారు. ఆరోజు నాకెంత తేలికైందో ఇప్పటికీ చెప్పలేను. ఇంటికి గెంతుకుంటూ వెళ్ళాను.

ఆమె తెర వెనక్కి రాకముందు నాన్నతో మాట్లాడుతుంటే విన్నాను. "రేపు నాతో ఆసుపత్రికి రండి. మనసుకి చూసే డాక్టరున్నారు."

"నేను పిచ్చోణ్ణి కాదు మేడమ్."

"కాదు కాబట్టే రమ్మంటున్నాను. నేనూ బయట కూర్చుంటాను."

అన్నట్టే కూర్చున్నారు. డాక్టరు రమ్మన్న ప్రతిసారీ, రెండేళ్ళపాటు, ఒళ్ళో మా నోటుపుస్తకాలు పెట్టుకుని దిద్దుకుంటూ.

ఆ నాటకమే మా ఇల్లు నిలబెట్టిందని రాస్తే మేడమ్ ఎర్రసిరాతో కొట్టేస్తారు. అమ్మ అన్నట్టే షిప్పెక్కింది. నేను రానంటే నన్ను వదిలేసే వెళ్ళింది. ఏడాదికి తిరిగొచ్చింది. నాన్న మందులు వేసుకున్నాడు, కంటినిండా నిద్రపోయాడు, మళ్ళీ చిన్న కొట్టు పెట్టాడు. వాళ్ళిద్దరూ ఇప్పటికీ పోట్లాడుకుంటారు, కాకపోతే తలుపులు తీసిపెట్టి.

మేడమ్ ఆసుపత్రిలో ఉన్న చివరి నెలంతా నాన్న రోజూ వెళ్ళి వార్డు బయట కూర్చున్నాడు. దహనమైన మర్నాడు, వార్డులో ఉండిపోయిన ఆమె ఫ్లాస్కు తెస్తానని వెళ్ళి మధ్యాహ్నమైనా తిరిగి రాలేదు. ఫోను ఎత్తలేదు. ఎటో నడిచిపోయాడేమోనని ఇన్నేళ్ళ తర్వాత నాకు మళ్ళీ ఆ భయం పట్టుకుంది. పరుగున ఆసుపత్రికి వెళ్ళాను. మనసు డాక్టరు గది ముందు బెంచీ మీద, ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన మాకు ముక్కూ మొహం తెలియని ఒకాయన చేతిలో నెంబరు చీటీ నలుపుతున్నాడు.

"ఇంటికి పద నాన్నా" అన్నాను.

"నువ్వెళ్ళమ్మా. ఈ భయ్యా నెంబరు ఇంకా రాలేదు" అన్నాడు నాన్న.